అన్నం తన్నిన హెడ్డు, నీళ్లిచ్చిన నేను

ఉద్యోగ విరమణ చేసినవాళ్లు జ్ఞాపకాలు రాయడం ఆచారం. నేను విరమించింది ముప్పై రెండో ఏట. నెరిసిన జుట్టు లేదు, పింఛను లేదు, సన్మానంలో కప్పిన శాలువా అంతకన్నా లేదు. రాజీనామా మీద సంతకం పెట్టగానే గుమాస్తా "పెన్ను నాది, ఇచ్చిపో" అన్నాడు. నా వీడ్కోలు సభ అంతటితో ముగిసింది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో, పోలీసులు కావాలనుకునే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నేను వదిలేసిన ఉద్యోగం వాళ్లకెలా దొరుకుతుందో చెప్పి జీతం తీసుకుంటున్నాను. ఇందులోని తమాషా నాకు తెలుసు, మీరు గుర్తుచేయనక్కర్లేదు.

మొన్న క్లాసులో 'పోలీసులు, ప్రజలు' అన్న అంశం మీద తలా నాలుగు మాటలు మాట్లాడమన్నాను. కిటికీ పక్కన కూర్చునే కుర్రాడు లేచాడు. గొంతు బాగుంటుంది, ఏం చెప్పినా నమ్మాలనిపించేలా చెబుతాడు.

"సార్, ఉద్యమం టైముల గిదే చౌరస్తాల ఒక ఆంధ్ర పోలీసోడు ఆడోళ్లు వండుతున్న అన్నాన్ని ఎగిరి తన్నిండు సార్. పక్కకే చంటిపిల్ల గూడ ఉండెనంట. గదే రోజు ఇంకో కానిస్టేబుల్, మన తెలంగాణ బిడ్డ, అరెస్టయిన స్టూడెంటుకు ఏడ్సుకుంట నీళ్లు తాపిండు. పోలీసులల్ల గిట్ల రెండు రకాలుంటరు సార్."

క్లాసంతా చప్పట్లు కొట్టింది.

"నువ్వు చూశావా?" అన్నాను.

"చూసిన సార్."

"అప్పటికి నీకెన్నేళ్లు?"

కాస్త తటపటాయించి, "టీవీల చూసిన సార్" అన్నాడు. ఆ జవాబులో అతనికి ఏ లోపమూ కనబడలేదు. క్లాసుకూ కనబడలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ ఆంధ్ర పోలీసుది నల్గొండ వైపు ఒక పల్లె. తాత ముత్తాతల నుంచీ అక్కడే. ఆ తెలంగాణ బిడ్డను నేను. మా అమ్మానాన్నలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. మా ఇంట్లో ఇప్పటికీ గోంగూరను గోంగూర అనే అంటారు, పుంటికూర అనరు. చంటిపిల్ల లేదు. నేను ఏడవలేదు. నీళ్లు నేను ఇవ్వలేదు. అది తప్ప కుర్రాడు చెప్పినదంతా నిజమే. చౌరస్తా ఉంది.

మా హెడ్ కానిస్టేబుల్‌ను అందరం హెడ్డన్న అనేవాళ్లం. మీర్‌పేట్‌లో కిరాయికి ఉండేవాడు. యాభై దాటిన మనిషి. గడియారం డయలు మణికట్టు లోపలి వైపుకు పెట్టుకుంటాడు. ఎందుకన్నా అంటే, "టైము నాకు గావాలె గానీ చూసెటోళ్లకెందుకు" అనేవాడు. ఆయన పేరు ఏఎస్సై ప్రమోషన్ల వరుసలో పైకొచ్చి ఉంది. ఏఎస్సై అయితే భుజం మీద ఒక నక్షత్రం వస్తుంది. ఆ నక్షత్రంతో క్రిస్మస్‌కు ఊరి చర్చికి వెళ్లాలన్నది ఆయన కోరిక. "పండుగకు చర్చి మీద నక్షత్రం గడ్తరు. ఈసారి నా మీద గూడ ఒకటి గట్టుకొని పోత" అనేవాడు. సర్వీసు మొత్తంలో ఆయన పైకి చెప్పిన ఆశ అదొక్కటే. అదీ నవ్వుతూనే చెప్పాడు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి, కథకు అవసరం. బందోబస్తులో మాకు పొట్లాల్లో పులిహోర వచ్చేది. మేం పొట్లం విప్పేలోపే సగం తినేసేవాళ్లం. ఆయన మాత్రం టోపీ తీసి, కళ్లు మూసుకుని, ప్రార్థన చేసి గానీ ముట్టేవాడు కాదు. రాళ్లు పడుతున్నా అంతే. "అన్నా, ఆయన వినేలోపు డ్యూటీ అయిపోతది" అని నేనంటే, "నీ లెక్క ఆయనకు తొందర లేదు తమ్మీ" అనేవాడు. కింద మెతుకు పడితే ఏరి పొట్లంలో వేసుకునేవాడు. లోకంలో ఎవరిని 'అన్నం తన్నినవాడు' అన్నా నేను ఒక్క నిమిషం ఆలోచిస్తాను. ఆయన్ను అన్నప్పుడు అది అబద్ధమనడానికి నాకు ఆ నిమిషం కూడా పట్టలేదు.

ఆ రోజు సంగతికి వస్తాను.

పొద్దున హాస్టళ్ల పిల్లలు ఊరేగింపు తీశారు. పై నుంచి ఆర్డరు రాగానే అరెస్టులు చేసి వ్యాన్లలో ఎక్కించాం. వాళ్లు నినాదాలు అరిచారు, మేం 'ఎక్కండెక్కండి' అని అరిచాం. నా గొంతు పోయింది. హెడ్డన్న తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. మూత తీశానో లేదో, వ్యాను కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి సీసా పట్టుకుంది. నేను వెనక్కి గుంజాను. సేవాభావం అప్పటికింకా నాలో మేల్కొనలేదు. లోపలున్న కుర్రాడు వదల్లేదు, నేనూ వదల్లేదు. అప్పుడు హెడ్డన్న నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఇడువ్ తమ్మీ. తాగనీ. పొద్దటి సంది మనకంటె ఎక్కువ ఒర్లిండు పాపం."

వదిలాను. ఆ వదలడానికి ముందు క్షణంలో ఒక ఫొటోగ్రాఫర్ కెమెరా నొక్కాడు. ఫొటోలో ఒక సీసా, మూడు చేతులు. నా కళ్లలో నీళ్లున్న మాట నిజమే. పక్కనే టైరు కాలుతోంది.

మధ్యాహ్నం వంటావార్పు. చిన్నవాళ్ల కోసం చెబుతాను. రోడ్డు మీదే ఇటుకలతో పొయ్యి పెట్టి, అన్నం వండి, గంజి వార్చి, అందరూ అక్కడే కూర్చుని తినడం. రోడ్డు ఆపడానికి ఇంతకన్నా కడుపు నిండే పద్ధతిని నేనెక్కడా చూడలేదు. మాకూ విస్తరి వేసేవాళ్లు. మేం తింటుంటే ఇన్‌స్పెక్టర్ చూడనట్టు అటు తిరిగేవాడు. కాసేపటికి ఆయన కోసం మేం ఇటు తిరిగేవాళ్లం.

ఆ రోజు వంటంతా ఒక అక్క చేతి మీద నడుస్తోంది. ఫంక్షన్ హాళ్లలో వంటలు చేసే మనిషి. గొంతు విప్పితే పక్క వీధి దాకా మైకు అక్కర్లేదు. పెద్ద డేగిసాలో ఎసరు మరుగుతోంది, బియ్యం సగం ఉడికాయి. పొయ్యికి వీపు పెట్టి, కత్తిపీట ముందేసుకుని ఆమె ఉల్లిగడ్డలు కోస్తోంది. ఎవరో నాయకుడి కారు వచ్చింది. కెమెరాలన్నీ ఒక్కసారి అటు ఉరికాయి. ఒక కెమెరామన్ నాయకుణ్ని ముందు నుంచి తీస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. అతని మడమ పొయ్యి ఇటుకకు తగిలింది. ఇటుక జారింది. మరుగుతున్న డేగిసా అక్క వీపు మీదికి ఒరిగింది.

హెడ్డన్న పక్కనే ఉన్నాడు. చేత్తో పట్టుకునే వస్తువు కాదు, చెప్పే సమయం లేదు. బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. డేగిసా అటు పడింది. వేడి నీళ్లు, ఉడికీ ఉడకని అన్నం రోడ్డంతా పారి, కొంత ఆయన బూటులోకి పోయింది. చప్పుడుకు కెమెరామన్ గిర్రున తిరిగాడు. అతని కెమెరాలో కథ అక్కడ మొదలైంది. ఇటుకా, మడమా అతని వెనకే ఉండిపోయాయి.

"అయ్యో సారూ, కాలు!" అంది అక్క.

"కాలుకు బూటున్నది. నీ ఈపుకు ఏమున్నదమ్మా?" అన్నాడు హెడ్డన్న. తర్వాత కుంటుతూనే వంగి, రోడ్డు మీది అన్నాన్ని రెండు చేతులా పక్కకు ఎత్తిపోశాడు, తొక్కుళ్లలో పడకుండా. "మీ కష్టం నేలపాలు జేసిన. మాఫ్ జెయ్యున్రి" అన్నాడు. ఆడవాళ్లు ఇంకో డేగిసా ఎక్కించారు. బూటు విప్పించి, కాలు మీద చల్లని నీళ్లు పోశారు. రెండో విడత ఉడికాక ఆయనకే మొదటి విస్తరి వేశారు. ఆయన టోపీ తీసి కళ్లు మూసుకున్నాడు. ఆకలి మీదున్న జనమంతా ఆయన కళ్లు తెరిచేదాకా ఆగారు. ఇదంతా పట్టపగలు, చౌరస్తా నడిబొడ్డున, అందరి ముందూ జరిగింది. కెమెరాలు మాత్రం లేవు. అవి నాయకుడి కారు వెంట వెళ్లిపోయాయి.

సాయంత్రం స్టేషన్లో టీవీ పెట్టాం. 'అన్నం తన్నిన ఖాకీ!'

ఒక్కసారి తన్నిన మనిషి ఆ సాయంత్రం ఎన్నిసార్లు తన్నాడో చెప్పలేను. మెల్లగా తన్నాడు, ఆగి తన్నాడు, కాలు వెనక్కి తీసుకుని మళ్లీ తన్నాడు. బూటు చుట్టూ ఎర్ర గీత గీశారు. ఆ కాలు ఎవరిదో మాకు తెలియదేమోనని ముఖం చుట్టూ ఇంకోటి గీశారు. వెనక వీరమరణానికి వాయించే సంగీతం. నలుగురు పెద్దమనుషులు నాలుగు డబ్బాల్లో కూర్చుని, అన్నం పరబ్రహ్మస్వరూపమని ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. అందులో ఒకాయన, ఇది సీమాంధ్ర అహంకారమని తేల్చాడు. ఎలా తేల్చాడంటే, తెలంగాణ మనిషి అన్నాన్ని తన్నడు, ఈయన తన్నాడు, కాబట్టి ఈయన ఆంధ్ర. మా కోచింగ్‌లో రీజనింగ్ పేపర్లో ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేస్తాను. టీవీలో ఆయనకు మరుసటి రోజు మళ్లీ పిలుపొచ్చింది.

హెడ్డన్న కాలికి బ్యాండేజీతో కూర్చుని అంతా చూశాడు. "నేను ఆంధ్రోణ్ని అయిన్నంట. మా అవ్వను అడగాలె, నన్ను ఏడ కన్నదో" అన్నాడు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదని కాస్త ఆలస్యంగా గమనించాం.

తెల్లారి పేపర్లో నా ఫొటో. 'ఖాకీ గుండెలో తెలంగాణ తడి.' మూడు చేతుల్లో ఒకటి కత్తిరించారు. సీసా, కుర్రాడి చెయ్యి, నా చెయ్యి, చెమర్చిన నా కళ్లు. లాక్కుంటున్నానో ఇస్తున్నానో బొమ్మలో తేడా తెలియదు. ఇంట్లో మా నాన్న పేపరు దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఏంట్రా ఇది? మీ తాతయ్య పోయినప్పుడు కూడా ఏడవలేదు కదరా నువ్వు?"

"పొగ నాన్నా."

"పొగని రాయించొచ్చుగా మరి. పక్కింటాయన పొద్దున్నే గేటు దగ్గర ఆపి, మీవాడు వాళ్లలో కలిసిపోయాడటగా అని అడిగాడు. ఏం చెప్పమంటావు?"

మా వీధిలో నేను ద్రోహిని, వీధి చివరి చౌరస్తాలో ముద్దుబిడ్డను. రెండు చోట్లా నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరినీ ఒకేసారి పిలిచాడు. హెడ్డన్నకు సస్పెన్షన్. నాకు పై అధికారుల మెచ్చుకోలు. కోపం అంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది. అంతకు ముందు నాకొచ్చేదంతా చిరాకే.

"సార్, ఆ ఫొటో అబద్ధం సార్. నీళ్లు హెడ్డన్నవి, ఇయ్యమన్నది హెడ్డన్న. నేను గుంజుకుంటున్న. ఆ తన్నుడు గూడ..."

"నాకెర్కలేదా? నేను ఆడనే ఉన్న గద."

"మరి పైకి చెప్పున్రి సార్."

"పైనోళ్లు టీవీ జూస్తరు. నన్ను జూడరు." కాసేపు ఫ్యాను వంక చూసి, "రెండూ తప్పే అని రాస్తె నీది గూడ వాపసు తీస్కోవాలె. అది వాళ్లకు బాగ నచ్చింది. ఒకడు చెడ్డోడు, ఒకడు మంచోడు. బరాబర్ అయింది. ఇంక కెలకకు" అన్నాడు.

ఇప్పటికీ నా ఒళ్లు మండేది ఈ బరాబర్‌కే. చెడ్డ పోలీసు కథకు విరుగుడుగా మంచి పోలీసు కథ ఒకటి. నిజం ఏ కథలో ఉందని ఎవరికీ పట్టలేదు. డిపార్టుమెంటుకూ పట్టలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే నేను ఖాకీ వకీలునని అనుకుంటారు. ఆ రోజుల్లో నిజంగా కొట్టినవాళ్లు ఉన్నారు. పిల్లల్ని వ్యాను లోపల వేసుకుని కొట్టినవాళ్లు మా స్టేషన్లోనే ఉన్నారు. వాళ్లెవరూ టీవీలో రాలేదు. కొట్టేవాడు కెమెరా ఎటుందో చూసుకుని కొడతాడు. కాపాడేవాడికి అది చూసుకునే తీరిక ఉండదు. హెడ్డన్నను టీవీలో చూసి అసలు వాళ్లు "ఛ, గిట్ల జెయ్యొద్దు" అని నాలుక చప్పరించారు. ఊరంతా ఆయన్ను తిట్టుకుంటున్నంత సేపూ వాళ్ల జోలికి ఎవరూ పోలేదు. అబద్ధపు క్లిప్పు ఒక అమాయకుణ్ని ముంచిందని మాత్రమే నా కోపం కాదు. నిజంగా ముంచాల్సినవాళ్లకు అది గొడుగు పట్టింది.

ఇక జనం. సస్పెన్షన్‌లో ఉండగా హెడ్డన్న ఇంటికి వెళ్లాను. కిరాణా కొట్టువాడు బియ్యం తూచి ఇస్తూ, "జర పైలంగ తీస్కపో సారూ, కాలు తాకుతదేమో" అన్నాడట. మీర్‌పేట్ చర్చిలో పాస్టరుగారు పేరు చెప్పకుండా, ఆయన వైపే చూస్తూ, "ఆహారాన్ని తృణీకరించిన మన సహోదరుని హృదయం మార్చు ప్రభువా" అని ప్రార్థన చేశాడట. ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, కొన్ని దినాలు ఇటు రాకు. ఈడ పోరగాండ్లు గరం మీదున్నరు" అన్నాడట. ఇవన్నీ చెప్పి హెడ్డన్న, "క్రిస్మస్‌కు నక్షత్రం గాదు గద తమ్మీ, నేను గూడ పోయెటట్టు లేను" అన్నాడు. బయట ఆటోలో వస్తుంటే డ్రైవరు నాకు అదే కథ చెప్పాడు. అతని కథలో డేగిసాలు రెండయ్యాయి. తన బావమరిది అక్కడే ఉండి కళ్లారా చూశాడట.

ఇంతలో అక్క స్టేషన్‌కు వచ్చింది. ఒక చేతిలో కాలిన గాయాలకు రాసే మందు, ఇంకో చేతిలో చీర కొంగు, నడుముకు చెక్కడానికి సిద్ధంగా.

"ఏడి మా సారు? ఎవడు సస్పెండు జేసింది? నన్ను అడిగిన్రా ఎవరన్న? ఈపు నాది, డేగిస నాది, బియ్యం నాయి!"

"అక్కా, ఇక్కడ అరిచి లాభం లేదు. టీవీవాళ్లకు చెప్పు" అన్నాను. ఆ సలహా నాదే. తెలివైనదనుకున్నాను. తన్నుడు చూపించిన ఛానల్‌కే కబురు పెట్టాం. మైకు పట్టుకుని ఒకతను వచ్చాడు. అక్క మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. మడమ, ఇటుక, వీపు, బూటు, రెండో డేగిసా, ప్రార్థన, ఏదీ వదల్లేదు. "తన్నిండు. అవ్, తన్నిండు. తన్నకపోతె నా ఈపంత ఊడిపోతుండె. ఆయన కాలు మొక్కాలె" అంది.

సాయంత్రం వార్తల్లో అక్క ముఖం నిండుగా వచ్చింది. "తన్నిండు. అవ్, తన్నిండు" అంది. తర్వాత ప్రకటన వచ్చింది.

ఇటుకను జార్చిన మడమ ఆ ఛానల్ కెమెరామన్‌దేనన్న సంగతి మా బుర్రలకు అప్పుడు తట్టింది. పోలీసులం కదా, పరిశోధన కాస్త నిదానం.

మర్నాడు నేను గేటు డ్యూటీలో ఉన్నాను. పదకొండు కాకముందే అక్క, ఆమె వెనక నలభై మందికి తక్కువ కాని ఆడవాళ్లు, ఇటుకలు, కట్టెలు, డేగిసాలతో స్టేషన్ ముందు దిగారు. పొయ్యి వెలిగించారు. ఉద్యమం చరిత్రలో ఒక పోలీసును మళ్లీ డ్యూటీలోకి తీసుకోమని వంటావార్పు చేసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే నాకు చెప్పండి, వాళ్లకు దండం పెడతాను.

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి చూసి, "ఖాళీ చేయించు" అన్నాడు నాతో.

"ఎట్ల సార్? పొయ్యిని తన్నమంటరా?"

ఆయన నా వైపు చూసిన చూపులో నా మెచ్చుకోలు అక్కడికక్కడే ఇంకిపోయింది. పొయ్యి దగ్గరికెళ్లి బతిమాలాను. "అక్కా, జర సమజ్ చేస్కో. ఉద్యోగాలు పోతయ్."

"ఒక సారుది ఆల్రెడీ పాయె గద. నీది గూడ పోతే ఇద్దరికి కలిపి వండుత, ఫికర్ జెయ్యకు. కూసో, ఉల్లిగడ్డ కొయ్యి."

కెమెరాలు వచ్చాయి. అక్క మైకులన్నిటి ముందూ మళ్లీ మొత్తం చెప్పింది. ఈసారి తెలివిగా 'తన్నిండు' అన్న మాటే వాడలేదు. "పక్కకు జరిపిండు" అంది. ఇక వాళ్లు కత్తిరించడానికి ఏమీ మిగల్లేదనుకున్నాం. గొంతు పూర్తిగా తీసేశారు. బొమ్మలు మాత్రం వేసి, కింద అక్షరాలు పరిగెత్తించారు: 'అన్నం తన్నిన ఖాకీపై ఆగని ఆగ్రహం. స్టేషన్ ముట్టడించిన మహిళలు.' అందులో ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లు తుడుచుకుంటున్న నేనూ ఉన్నాను. 'మరోసారి కంటతడి పెట్టిన కానిస్టేబుల్.'

టీవీ కట్టేయబోతుంటే ఇన్‌స్పెక్టర్ ఆపాడు. కుర్చీలోంచి లేచి, ఏమనుకున్నాడో, టోపీ పెట్టుకుని, అక్కనూ ఇంకో ముగ్గురినీ తన జీపులో ఎక్కించుకుని విచారణ అధికారి ముందు కూర్చోబెట్టాడు. ఆయన చేసిన ఆ ఒక్క మంచి పనిని ఏ ఛానలూ చూపించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. విచారణ అధికారి పాతకాలం మనిషి. టీవీ చూడడట. అక్క చెప్పింది చెప్పినట్టు విన్నాడు. వీపూ చూశాడు, మచ్చ లేకపోవడమే సాక్ష్యమన్నాడు.

నెలలు గడిచాక సస్పెన్షన్ ఎత్తేశారు. అది ఎక్కడా వార్త కాలేదు. ఛానల్‌కు ఫోన్ చేసి అడిగితే, "అది పాత స్టోరీ బ్రదర్" అన్నారు. పాతది పాతదని ఎవరు చెప్పాలి, రోజూ మళ్లీ వేస్తున్నప్పుడు? ఈలోగా ప్రమోషన్ల జాబితా వెళ్లిపోయింది. హెడ్డన్నకన్నా వెనకొచ్చినవాళ్ల భుజాల మీద నక్షత్రాలు మెరిశాయి. తర్వాతి జాబితాలోనూ ఎవరో 'టీవీలో వచ్చినాయన కదా' అన్నారట. ఆయన్ను బాటసింగారం వైపు హైవే చెక్‌పోస్టులో వేశారు. హెడ్డుగానే రిటైరయ్యాడు. రిటైర్‌మెంట్ భోజనాల రోజు అందరూ తినేదాకా బల్లల దగ్గరికి రాలేదు. రమ్మంటే, "మీరు గానియ్యిన్రి. అన్నం కాడ నన్ను జూస్తె మందికి మంచిగుండది" అన్నాడు. జోకేమోనని ఆగాను. కాదు.

ఈ అన్యాయం చూసి నేను ఉద్యోగానికి రాజీనామా చేశానంటే కథ అద్భుతంగా ఉంటుంది. అలా జరగలేదు. ఇంకొన్నాళ్లు చేశాను, విసుగొచ్చింది, మానేశాను. విసుగుకు సంగీతం వేయరు కాబట్టి ఎవరూ చూపించలేదు.

మొన్న క్లాసులో ఇదంతా చెప్పాను. మీకు చెప్పినట్టే, ఇంకాస్త కోపంగా. పిల్లలు కదలకుండా విన్నారు. కిటికీ పక్క కుర్రాడు తల వంచుకున్నాడు. ఒకమ్మాయి, "ఆ హెడ్ సార్ ఇప్పుడెట్లున్నరు సార్?" అని కూడా అడిగింది. నేను పొంగిపోయాను. పదిహేనేళ్లకు ఒక గది నిండా జనం అసలు సంగతి విన్నారు కదా అనుకున్నాను.

మరుసటి పొద్దున చౌరస్తాలో మెట్రో దిగి మెట్లు దిగుతుంటే, ఎదురుగా ఫ్లెక్సీ. ఆ ఫొటో. 'నీళ్లిచ్చిన కానిస్టేబుల్ గారిచే స్వయంగా శిక్షణ! అడ్మిషన్లు జరుగుచున్నవి.' క్లాసు పిల్లలు హాస్టల్లో చెప్పారు, హాస్టల్ వాళ్లు సెంటర్ ఓనరుకు చెప్పారు. నేను గంటసేపు చెప్పిన దాంట్లో వాళ్ల చేతికి దక్కింది ఆ సీసా ఒక్కటే.

ఓనరు దగ్గరికి పరిగెత్తాను. "నీళ్లు నేనివ్వలేదండీ! చెప్పాను కదా!"

"మాస్టారూ, మీ వినయమే మీకు ప్లస్సు" అన్నాడాయన. "పొద్దుటి నుంచి ఫోన్లు ఆగట్లేదు."

కిందికొచ్చి, ఫ్లెక్సీ ముందు నిలబడి హెడ్డన్నకు ఫోన్ చేశాను. క్లాసులో కుర్రాడి కథ చెప్పాను.

"ఇప్పుడేమంటున్నరు? ఎన్ని డేగిసలు?" అన్నాడు.

"ఒక్కటేనన్నా. చంటిపిల్ల కొత్తగ చేరింది."

"పిల్ల గూడ వచ్చిందా. పెరుగుతది ఇంక." నవ్వాడు. ఫ్లెక్సీ సంగతి చెప్పి, చింపేస్తానన్నాను.

"తమ్మీ, పేపర్ల ఏసిందేనా, మొత్తం ఫొటోనా?"

అప్పుడు తల ఎత్తి సరిగ్గా చూశాను. ఓనరు ఎక్కడ సంపాదించాడో, కత్తిరించని ఫొటో. ఫ్లెక్సీ వెడల్పుకు పేపరు బొమ్మ చాలక ఉంటుంది. అంచున, నా మణికట్టును పట్టుకుని, ఖాకీ చొక్కా చేతిలోంచి వచ్చిన మూడో చెయ్యి. డయలు లోపలి వైపుకు తిప్పి పెట్టుకున్న గడియారం.

"మొత్తం ఫొటోనే అన్నా. నీ చెయ్యి ఉన్నది."

"గడియారం కనవడుతున్నదా?"

"మంచిగ కనవడుతున్నది."

"అయితే ఉండనీ తియ్. చింపకు" అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఉంది. అబద్ధం ఆడను, నిజంగా సంతోషమే ఉంది. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి చూస్తానన్నాడు.

ఆయనకు అది చాలు. నాకు చాలదు. అందుకే చింపలేదు గానీ, సెంటర్లోంచి మార్కర్ తెచ్చాను. మెట్రో మెట్ల రెయిలింగ్ ఎక్కి, ఆ మూడో చెయ్యి పక్కన పెద్ద అక్షరాలతో, 'నీళ్లిచ్చింది ఈ చెయ్యి' అని రాశాను. కింద ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల వేస్తున్నాడు. చుట్టూ ఫోన్లు లేచాయి. ఏమని పెడతారో నాకు తెలుసు. పెట్టనీ.

ఆదివారానికి ఆ అక్షరాలు చెరగకుండా ఉంటే చాలు.